మన పేరులోనే ఉప్పుంది: తీపి పేర్లు, నిల్వ తిండి పేర్లు చెప్పే మన చరిత్ర

పోస్టు కొంచెం పొడుగుంది, తీరిక చూసుకొని చదవండి.

ముందు ఒక హాస్టల్ ముచ్చట. పండుగకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు యాడి స్టీలు డబ్బాలో కడావ్ పెట్టి పంపేది. రూములో పక్క మంచం దోస్తులు "గిదేంది?" అని అడిగితే మేం "హల్వా" అని చెప్పేటోళ్ళం. తీజ్ అయినంక చూర్మో తెచ్చుకుంటే "మలీద లెక్కనే" అనేటోళ్ళం. అసలు పేరు చెప్తే నవ్వుతరేమో అని భయం. తిండి మాత్రం అందరికీ నచ్చేది, డబ్బా ఖాళీ అయ్యేది. పేరు మాత్రం మా నోట్లోనే ఆగిపోయేది.

డిగ్రీకి వచ్చినంక ఒకరోజు ఈ పేర్లు ఎక్కడివని వెతకడం మొదలుపెట్టినం. మొదట తెలిసింది ఏందంటే, మేం దాక్కోవడానికి వాడుకున్న రెండు పేర్లూ ఇక్కడివి కావు. హల్వా అరబ్బీ మాట, "తియ్యనిది" అని అర్థం. మలీద పారశీక మాట, "నలిపినది" అని అర్థం. రొట్టెను బెల్లంతో కలిపి నలుపుతరు కాబట్టి ఆ పేరు. నవాబుల కాలంలో వచ్చిన ఈ మాటలు బతుకమ్మ పళ్ళెంలోకి, పెండ్లి విందులోకి చేరి తెలుగైపోయినయి. ఎవరూ వాటిని చూసి నవ్వరు. మరి మన మాటలను చూసి మనమే ఎందుకు సిగ్గుపడ్డం?

మనకు చరిత్ర లేదు, ఎందుకంటే మనకు లిపి లేదు అని చాలామంది అంటరు. గోర్ బోలికి సొంత లిపి లేదన్నది నిజమే. కానీ మాటలు ఉన్నయి గదా. ఒక తిండి పేరు ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది అని చూస్తే, ఆ తిండి తిన్న మనుషుల దారి కూడా కనపడుతది. డోర్నకల్ చుట్టుపక్కల తాండాల్లో మనం వాడే మాటలను మూడు పొరలుగా చూడొచ్చు. మనతో పాటు నడిచి వచ్చినవి, ఇక్కడికి వచ్చినంక ఇరుగుపొరుగుతో పంచుకున్నవి, చివరకు రైలెక్కి వచ్చినవి.

మనతో నడిచి వచ్చిన మాటలు

బెల్లాన్ని మనం గోళ్ అంటం. మన తెలుగు పొరుగువాళ్ళు బెల్లం అంటరు. కన్నడంలో బెల్ల, తమిళంలో వెల్లం. అంటే బెల్లం ద్రావిడ మాట. మన గోళ్ ఆ కుటుంబం కాదు. గుజరాతీలో గోళ్, మరాఠీలో గూళ్, హిందీలో గుడ్. ఇవన్నీ సంస్కృతంలోని "గుడ" నుంచి వచ్చినయి. గుడ అంటే ఉండ, ముద్ద. చెరకు రసాన్ని కాచి ముద్ద కడతరు కాబట్టి ఆ పేరు. గోళ్ అన్న ఒక్క మాట చాలు, మన పెద్దల దారి పడమర, ఉత్తరం దిక్కు నుంచి వచ్చిందని చెప్పడానికి. సంబంధం ఖాయమైనప్పుడు గోళ్ పంచుకొని తినే ఆచారం మనది. బెల్లం నోట్లో పడితేనే మాట స్థిరం. అందుకే ఆ తంతు పేరులోనే గోళ్ ఉంది.

లప్సి కూడా అంతే. రాజస్థాన్‌లో, గుజరాత్‌లో గోధుమ రవ్వ, బెల్లం, నెయ్యితో చేసే తీపి పేరు ఇప్పటికీ లాప్సి. సంస్కృతంలో దీన్ని లప్సిక అన్నరు. చూర్మో సంగతి ఇంకా తేలిక. తెలుగులో చూర్ణం, పొడి చేయడం, మన చూర్మో, రాజస్థానీ చూర్మా, అన్నీ ఒక్క మూలమే. తీజ్‌లో ఢమోళి నాడు ఆడపిల్లలు పెట్టే చూర్మో, జైపూర్ హోటల్లో దాల్-బాటీతో పాటు ప్లేటులో వచ్చే చూర్మా అక్కాచెల్లెళ్ళు.

బాటి మాట ఇంకా ముచ్చటైనది. రాజస్థాన్‌లో బాటీ అంటే గోధుమ పిండిని గుండ్రంగా ఉండ చేసి నిప్పుల మీద కాల్చేది. మన తాండాలో బాటి అంటే రొట్టె, అదీ ఎక్కువగా జొన్నరొట్టె. ఇంటికి ఎవరన్నా వస్తే మొదటి మాట "బాటి ఖాదో?" అని. గోధుమ దొరకని నేలకు వచ్చినంక మన ఆడవాళ్ళు జొన్న పట్టుకున్నరు, ఉండను చపటా చేసిండ్రు, పేరును మాత్రం వదల్లేదు. తిండి మారినా మాట నిలబడిందంటే ఆ మాట ఎంత పాతదో ఆలోచించండి.

ఇక కడావ్. ఇది గిన్నె పేరు. సంస్కృతంలో కటాహం అంటే పెద్ద మూకుడు. తెలుగు వంటింట్లో కడాయి అదే. సిక్కుల గురుద్వారాలో పంచే కడాహ్ ప్రసాదం పేరు కూడా అక్కడిదే. పెద్ద పాత్రలో వండి అందరికీ పంచేది కాబట్టి పాత్ర పేరే ప్రసాదం పేరైంది. సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న పుట్టిండని మనవాళ్ళు జయంతి చేసుకుంటరు గదా. ఆ రోజు భోగ్ భండారోలో కడావ్ పెట్టేటప్పుడు ఈ సంగతి యాదికి తెచ్చుకోండి. గుడిలో ఒక్కడు తినే తీపి కాదు అది, తాండా అంతా తినే పాత్ర.

ఈ మాటల చుట్టరికాన్ని మనమే ఊహించుకొని చెప్పుకుంటలేం. గ్రియర్సన్ భారతదేశ భాషల సర్వే చేయించినప్పుడు 1907లో వచ్చిన సంపుటంలో బంజారీ లేదా లభానీ అన్న పేరుతో మన బోలిని నమోదు చేసిండు. మద్రాసు, హైదరాబాద్, బేరార్, పంజాబ్ ఎక్కడ చూసినా ఈ మాట పడమటి భారతదేశపు భాషలకు దగ్గరిదని అప్పుడే తేలింది.

ఉప్పు మోసినోళ్ళ పేరు

ఇప్పుడు అసలు సంగతి. తీపి గురించి మొదలుపెట్టి ఉప్పు దగ్గరికి ఎందుకు వచ్చినం? ఎందుకంటే ఫ్రిజ్ లేని కాలంలో నిల్వ తిండి అంటేనే ఉప్పు. చేప ఎండాలన్నా, మాంసం ఆగాలన్నా, మామిడికాయ ఏడాది ఉండాలన్నా ఉప్పే దిక్కు. ఆ ఉప్పును సముద్రం నుంచి దక్కన్ పల్లెలకు మోసింది ఎవరు? మన పెద్దలు.

లమాన్, లమాణీ, లంబాడీ అన్న పేర్లకు రెండు అర్థాలు చెప్తరు. ఎద్దుల బారు పొడుగ్గా, లంబంగా ఉంటది కాబట్టి లంబాడీ అని ఒక మాట. సంస్కృతంలో ఉప్పుకు లవణం అని పేరు, ఉప్పు మోసేటోళ్ళు కాబట్టి లమాణ్ అని రెండోది. మాకు రెండోదే బలంగా కనపడుతది. ఎందుకంటే లభాన, లబానా, లమాణీ అన్న రూపాల్లో పొడుగు అర్థం కుదరదు, లవణం కుదురుతది. బంజారా అన్న మాటకు మూలం వాణిజ్యం అని పండితులు చెప్తరు. రెండు పేర్లూ చేసిన పనిని చెప్పేవే.

పని ఎంత పెద్దదో చూడండి. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిండు. 10 వేలు, 12 వేల ఎద్దులు ఒకే బారుగా పోవడం చూసినట్టు రాసిండు. ఆ రవాణావాళ్ళలో నాలుగు తెగలున్నాయని, ఒకరు ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, నాలుగోవాళ్ళు ఉప్పు మాత్రమే మోస్తరని చెప్పిండు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషువాడు 14 వేల ఎద్దుల తాండాను దారిలో చూసి రాసుకున్నడు. ఒక్కో ఎద్దు మీద క్వింటాలుకు పైగా బరువు అనుకుంటే, 10 వేల ఎద్దులంటే 1,000 టన్నుల పైమాటే. రోడ్డు లేదు, లారీ లేదు. అడవి, వాగు, గుట్ట దాటుకుంటూ నడక.

గమనించండి, తాండా అన్న మాటకు ఆ రోజుల్లో ఊరు అని అర్థం కాదు. కదిలే బారు అని అర్థం. నడిచే తాండా ఆగిపోయినంకనే ఊరి పేరైంది.

లవణం నుంచి ఇంకో మాట కూడా పుట్టింది, లావణ్యం. అసలు అర్థం ఉప్పదనం. కూరకు ఉప్పు ఎట్లా రుచినిస్తదో, ముఖానికి కళ అట్లా అని అందం అన్న అర్థం వచ్చింది. మన తాండాల్లో లావణ్య అన్న పేరున్న అమ్మాయిలు చాలామంది ఉన్నరు. వాళ్ళ పేరు, మన జాతి పేరు ఒకే ఉప్పు గల్లు నుంచి వచ్చినయి.

ఉప్పుకు, తీపికి దూరం కూడా మనం అనుకున్నంత లేదు. హిందీలో మీఠా అంటే తీపి. అదే మాట గుజరాతీలో మీఠుం, మరాఠీలో మీఠ్ అయ్యి ఉప్పుకు పేరైంది. "రుచైనది" అన్న ఒక్క అర్థం ఒకచోట తీపి వైపు, ఒకచోట ఉప్పు వైపు పోయింది. మన మిఠాయి అన్న మాట కూడా ఆ ఇంటిదే.

డోర్నకల్ జంక్షన్ చేసిన పని

మరి ఆ ఉప్పు బేరం ఏమైంది? సమాధానం మన ఊరి స్టేషన్‌లోనే ఉంది. నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. 1886లో వరంగల్ దాకా వచ్చింది. 1888లో డోర్నకల్ మీదుగా ఇల్లెందు బొగ్గు గనులకు లైను పడ్డది, 1889లో బెజవాడ కలిసింది. డోర్నకల్ జంక్షన్ కావడానికి కారణం ఆ బొగ్గే.

బెజవాడ కలిసిందంటే సముద్రం కలిసినట్టే. కోస్తా ఉప్పు గూడ్సు డబ్బాల్లో ఎక్కి రాత్రికి రాత్రి లోపలికి రావడం మొదలైంది. నెలల తరబడి నడిచే ఎద్దుకు ఇక పనేముంది? దానికి తోడు తెల్లదొరల ఉప్పు పన్ను, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం. 1871 నేరస్థ తెగల చట్టం సంచార జాతులన్నింటినీ దొంగలుగా చూసే చూపును పెంచింది. మన ప్రాంతం నుంచే ఎదిగిన చరిత్రకారుడు భంగ్యా భూక్యా 2010లో వచ్చిన తన పుస్తకంలో నిజాం పాలనలో లంబాడాల ఈ పతనాన్ని వివరంగా రాసిండు. వర్తకులు పశువుల కాపర్లయిండ్రు, తర్వాత రైతులు, కూలీలు అయిండ్రు. గ్రూపులో చదవనివాళ్ళుంటే తప్పకుండా చదవండి.

ఇప్పుడు మనలో చాలామంది అదే జంక్షన్‌లో రైలెక్కి హైదరాబాద్ కోచింగ్‌కు పోతున్నం. రైలు మీద మాకు కోపం లేదు. కానీ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడు, మన పేరును నిజం చేసిన పని ఈ పట్టాల కిందనే ఆగిపోయిందని తెలిసి ఉండాలె.

ఇక్కడికి వచ్చినంక కలిసిన మాటలు

నడక ఆగినంక, అంతకుముందు నుంచి కూడా, ఇరుగుపొరుగు మాటలు మన వంటింట్లోకి వచ్చినయి. తొక్కు చూడండి. రోట్లో వేసి తొక్కి చేసేది కాబట్టి తొక్కు. కోస్తావాళ్ళు ఊరగాయ అంటరు. ఉప్పులో, నూనెలో ఊరిన కాయ అని అర్థం. పచ్చడిలో పచ్చి ఉంది. ఆవకాయలో ఆవాలున్నయి. తెలుగు పేర్లు చేసే పద్ధతిని, వేసే సరుకును సూటిగా చెప్తయి.

వరుగు ఇంకా మంచి మాట. టమాటా వరుగు, వంకాయ వరుగు, మామిడి వరుగు. జాతరప్పుడు మిగిలిన మాంసానికి ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెడితే అవీ వరుగులే. ఈ మాటకు మూలం ఎండిపోవడం. వానలు లేని కరువుకు పాత తెలుగులో వరపు అన్న మాట ఉంది, రెండూ ఒక్క వేరు. కరువు పేరు, కరువులో కాపాడే తిండి పేరు ఒక్కచోట పుట్టినయన్నమాట.

సీత్లా పండుగకు మనం వండే జొన్న ఘుగ్రి కూడా ఇటువంటిదే. తెలుగులో గుగ్గిళ్ళు, కన్నడంలో గుగ్గరి, మరాఠీలో ఘుగర్యా. ఉడకబెట్టిన గింజలకు దక్కన్ అంతా ఒక్కటే పేరు. ఎద్దుల బారు పోయిన దారులన్నింటి మీద ఈ మాట ఉంది.

మిరపకాయ లేని తొక్కును మనం ఊహించలేం. మహబూబాబాద్, వరంగల్ చేలల్లో పండే చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మిరప అమెరికా ఖండం మొక్క. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అప్పటికే కారానికి మిరియం ఉంది కాబట్టి దాన్ని పోలిన పేరు పెట్టి మిరప అన్నరు. అంటే తావెర్నియే చూసిన కాలానికి తొక్కులో మిరప ఇంకా కొత్త చుట్టమే.

గ్రూపులో కోయ మిత్రులున్నరు కాబట్టి బయ్యారం, గంగారం, కొత్తగూడ వైపు కూడా చూద్దాం. ఇప్పపువ్వు తీపికి తీపి, నిల్వకు నిల్వ. ఎండాకాలం ఏరి, ఎండబెట్టి, గుమ్మిలో దాచుకుంటే వానాకాలం దాకా ఆదుకునేది. ఇప్ప అన్నది తమిళంలో ఇలుప్పై, గోండీలో ఇరుప్. ద్రావిడ భాషలు విడిపోకముందు నుంచే ఈ చెట్టుకు పేరుందన్నమాట. ఉత్తరాది మహువా అన్న పేరు సంస్కృత మధూకం నుంచి వచ్చింది, అందులో ఉన్నది మధువు, తేనె. ఉట్నూరు ఐటీడీఏ ప్రాంతంలో ఇప్పపువ్వు లడ్డూలు చేసి రక్తహీనత ఉన్న గర్భిణులకు, ఆడపిల్లలకు ఇస్తున్నరు. ఒకప్పుడు ఇది అడివోళ్ళ తిండి అని పక్కన పెట్టిందే ఇప్పుడు మందులా ఇస్తున్నరు.

మేడారం సంగతి అందరికీ తెలుసు. రెండేళ్ళకోసారి మాఘ మాసంలో సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటరు. నిలువెత్తు బంగారం అంటే మనిషి ఎత్తు బరువు బెల్లం. తీపికి ఇంతకంటే పెద్ద పేరు ఏ భాషలో ఉంది చెప్పండి.

రైలెక్కి వచ్చినవి, తిరిగి వచ్చినవి

మూడో పొర అంగడి సరుకు. బిస్కట్ అంటే లాటిన్‌లో "రెండుసార్లు కాల్చినది". ఓడల్లో నెలలపాటు పాడుకాకుండా ఉండడానికి రొట్టెను రెండోసారి కాల్చి గట్టిగా చేసేటోళ్ళు. అంటే బిస్కట్ కూడా మన వరుగు లెక్క నిల్వ తిండే. మురబ్బా అరబ్బీ మాట. సాకినది, పెంచినది అని అర్థం. కాయను పాకంలో బిడ్డను సాకినట్టు సాకుతరు. చాక్లెట్ మెక్సికో ఆదివాసుల నుంచి స్పెయిన్‌వాళ్ళు తీసుకున్న మాట.

చిన్నప్పుడు కిరాణా కొట్లో కొనుక్కున్న పిప్పరమెంటు కథ వేరు. మన దేశపు పిప్పలి గ్రీకులో పెపెరి, లాటిన్‌లో పైపర్, ఇంగ్లీషులో పెప్పర్ అయ్యింది. దానికి పుదీనా మింట్ కలిసి పెప్పర్‌మింట్ అయ్యి, బిళ్ళగా మారి మన ఊరికి తిరిగి వచ్చింది. షుగర్ కూడా అంతే. సంస్కృతంలో శర్కర అంటే గరుకు ఇసుక, చిన్న రాళ్ళు. పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, ఇంగ్లీషులో షుగర్. ఖండం అంటే ముక్క, అదే క్యాండీ అయ్యింది. బెల్లాన్ని ఇంగ్లీషులో జాగరీ అంటరు గదా, అది మలయాళం చక్కర పోర్చుగీసువాళ్ళ నోట్లో పడి మారిన రూపం. ఇంగ్లీషువాడు షుగర్, జాగరీ రెండూ వేరనుకుంటడు, రెండింటికీ తల్లి శర్కరే.

ప్రపంచమంతా ఇట్లా ఒకరి మాట ఒకరు తీసుకున్నరు. ఎవరి మాటా ఒంటరిగా లేదు. అందుకే ఇది గొప్ప, అది తక్కువ అనే లెక్క మాటల్లో కుదరదు. సిగ్గుపడాల్సిన పనీ లేదు.

మనం చేయాల్సింది

మా బాధ ఒక్కటే. హల్వా, షుగర్ గురించి రాసిన పుస్తకాలు వందలున్నయి. కడావ్, చూర్మో, ఘుగ్రి గురించి తెలిసింది మన దాదీలకు. మా తాండాలో పోయిన ఏడు ఒక దాది చనిపోయింది. ఆమె ఎండబెట్టే ఆకుల్లో నాలుగైదింటి పేర్లు ఇప్పుడు ఎవరికీ రావు. ఆకు చేలో ఉంది, పేరు పోయింది. పేరు పోయిన ఆకును కలుపు అని పీకేస్తున్నరు, మందు కొడుతున్నరు.

ఈ సెలవుల్లో ప్రతి ఒక్కరం ఇంట్లో పెద్ద ఆడమనిషి దగ్గర కూర్చొని కనీసం 10 మాటలు రాసుకుందాం. ఒక్కో మాటకు ఇవి రాయాలె: తిండి పేరు తాండాలో పలికినట్టే, దేంతో చేస్తరు, ఏ పండుగకు, ఎన్ని రోజులు నిల్వ ఉంటది, ఆమెకు ఎవరు నేర్పిండ్రు, ఆమె పుట్టిల్లు ఏ తాండా. పుట్టిల్లు ఎందుకంటే మాటలు కోడండ్ల వెంట నడుస్తయి. తెలుగు లిపిలోనే రాయండి. ల, ళ, ణ తేడా జాగ్రత్తగా రాయండి. గోళ్‌ను గోల్ అని రాస్తే ఆ మాట దారి తప్పుతది. కోయ మిత్రులు కోయ మాటలు, ఎరుకల మిత్రులు వాళ్ళ మాటలు రాయండి. అన్నీ ఒక్కచోట చేర్చే పని మేం చూసుకుంటం.

మొదటి ప్రశ్న మేమే అడుగుతున్నం. మీ తాండాలో ఎండబెట్టిన మాంసాన్ని, ఎండబెట్టిన ఆకును ఏమంటరు? తెలుగు మాట కాదు, దాది అనే మాట రాయండి. మా ఇంట్లో మేం వరుగులు అనే అంటున్నం. అంతకుముందు ఏమన్నరో మాకు చెప్పేటోళ్ళు మా ఇంట్లో లేరు.

ఈసారి హాస్టల్‌కు డబ్బా తెచ్చినప్పుడు ఎవరన్నా "గిదేంది?" అని అడిగితే కడావ్ అని చెప్పండి.